ఖాళీ కుర్చీలో ఎవరు?

పట్టభద్రులారా,

ఇవాళ్టి నుంచి మీరు క్లినికల్ సైకాలజిస్టులు. రేపోమాపో ఒక తల్లి మీ గదికి వచ్చి, పోయిన బిడ్డ ఫొటోలు ఫోన్‌లో చూపిస్తుంది. "వీటితో మా వాణ్ణి మళ్లీ మాట్లాడించొచ్చటగా, చేయించమంటారా?" అని అడుగుతుంది. నేను చదువుకున్న రోజుల్లో ఈ ప్రశ్న లేదు. మీకు తప్పదు.

దక్షిణ కొరియాలో ఆ పని ఇప్పటికే చేశారు. ఒక పాప 2016లో రక్తవ్యాధితో ఏడేళ్లకే పోయింది. ఆ పాప బొమ్మను కంప్యూటర్‌లో తయారుచేసి, వర్చువల్ రియాలిటీ కళ్లద్దాల్లో తల్లికి చూపించారు. 2020 ఫిబ్రవరిలో ఎంబీసీ టీవీ దాన్ని ప్రసారం చేసింది. తల్లి చేతులు చాచి తడుముతుంది, అందేది గాలి. ఇద్దరూ పుట్టినరోజు చేసుకుంటారు. చివరికి పాప నిద్రపోతుంది, తెల్ల సీతాకోకచిలుకై ఎగిరిపోతుంది.

చూస్తూ ఏడ్చాను. ఆ ఏడుపు చుట్టూ కెమెరాలుండటం ఇప్పటికీ నాకు మింగుడుపడదు. అయినా ఎన్నాళ్లుగానో కోరుకున్న కల వచ్చినట్టుందని ఆ తల్లే చెప్పింది. ఆమెను కాదనడానికి నేనెవర్ని? నన్ను ఆలోచనలో పడేసింది ఆ సీతాకోకచిలుక. వీడ్కోలు ఎప్పుడో ముందే నిర్ణయించి ఉంచారు. నెలనెలా డబ్బు కట్టించుకుని చనిపోయినవాళ్లలా కబుర్లు చెప్పే యాప్‌కు ఆ వీడ్కోలుతో పనేముంది? కట్టినన్నాళ్లూ పలుకుతూనే ఉంటుంది.

పోయినవాళ్లతో మాట్లాడటం తప్పని నేను అనను. మాసికాలు, తద్దినాలు, పటం ముందు దీపం ఉన్న ఇళ్లలో పెరిగినవాళ్లం. ఆ బంధం తెగనక్కర్లేదని డెన్నిస్ క్లాస్, ఆయన సహసంపాదకులు 1996లో పుస్తకమే తెచ్చారు. పోయినవారు ఎదురుగా కూర్చున్నట్టు ఊహించుకుని మాట్లాడే ఖాళీ కుర్చీ మన చికిత్సలో ఉండనే ఉంది. కేథరిన్ షియర్ రూపొందించిన పద్ధతిలోనైతే, దుఃఖంలో ఉన్న మనిషి పోయినవారితో ఊహలో మాట్లాడి, వారి జవాబు కూడా తనే చెబుతాడు. నేను ఎందరినో అలా కూర్చోబెట్టాను. "నీ తప్పేం లేదురా" అని నాన్న చెప్పే మాట బయటికి రావడానికి ఒక్కోసారి వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఆ మనిషి నాన్నను తన లోపలే వెతుక్కుంటాడు. యంత్రం ఆ మాట క్షణంలో అనేస్తుంది. వెతుకులాటే ఉండదు. నా అభ్యంతరమంతా అక్కడే.

అయినా మీ గదికొచ్చే ఆ తల్లిని తిప్పి పంపకండి. ఆ బొమ్మతో ఏం చెప్పాలనుకుంటోందో అడగండి. ఎప్పుడు ఆపాలో మొదలుపెట్టకముందే ఇద్దరూ కలిసి రాసుకోండి. చూసే వేళ పక్కన కూర్చోండి. పోయింది పెద్దవారైతే, బతికుండగా దీనికి ఒప్పుకున్నారా అని కూడా అడగండి.

నా సంగతి నేను తేల్చుకున్నాను. నా రికార్డింగులు ఎన్నిసార్లైనా వినండి, నేననని మాట నా గొంతుతో పలికించకండి అని పిల్లలకు రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం మా బీరువాలో ఉంది.