జూన్ నెల – బీద బిడ్డ చదువు

సకల స్తోత్రాలకు అర్హుడు అల్లాహ్ ఒక్కడే. అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లం) గారిపై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి శుభాలు వర్షించుగాక. అమ్మా బాద్.

మాన్య సోదరులారా! హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధం ముగిసి ఖైదీలు మదీనాకు వచ్చారు. మక్కాలో ఆస్తులు వదలి వచ్చిన ముహాజిర్ల ఇళ్ళలో ఆనాడు లేమి తాండవిస్తున్నది. విమోచన ధనంగా వచ్చే ప్రతి దిర్హమూ అవసరమే. అయినప్పటికీ, ధనం చెల్లించలేని అక్షరాస్యులైన ఖైదీలు మదీనా పిల్లలకు వ్రాత నేర్పితే చాలునని, అదే వారి విమోచన మూల్యమని ప్రవక్త (సల్లం) నిర్ణయించారు. చేతిలో డబ్బు లేనినాడు మొదట తగ్గించుకోవలసిన ఖర్చు పిల్లల చదువు కాదని ఈ నిర్ణయం మనకు బోధిస్తున్నది.

ఇక మన ఫిషింగ్ హార్బర్ వైపు చూద్దాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, 61 రోజులు వేట నిషేధం. చేపల సంతతిని కాపాడే నియమం కనుక అది న్యాయమైనదే. కాని బోటు కదలకపోతే ఆగేది వేట ఒక్కటే కాదు. ఐసు మోసే కూలీకి, బుట్టలెత్తే హమాలీకి, చేపల ఆటో తోలేవానికి, ఇంజను బాగుచేసే మేస్త్రీకి, జెట్టీ దగ్గర టీ అమ్మే సోదరికి కూడా రాబడి ఆగిపోతుంది. ప్రభుత్వం 2025లో నిషేధ కాలపు భృతిని 10 వేల నుండి 20 వేల రూపాయలకు పెంచింది. అయితే అది సముద్రంలో వేటకు వెళ్ళే మత్స్యకారులకు ఉద్దేశించినది. ఒడ్డున చెమటోడ్చేవారి మాటేమిటి?

మరి బడులు ఎప్పుడు తెరుస్తారు? సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో. అంటే ఇల్లు అప్పులతో నెట్టుకొస్తున్న వారంలోనే బడిగంట మోగుతుంది. బోటు వేటకు వెళ్ళి, తిరిగి వచ్చి, సరకు అమ్ముడై, పాత బాకీలు తీరి, కూలి చేతికి అందేసరికి మరికొన్ని రోజులు గడుస్తాయి. ఒక పన్నెండేళ్ళ బాలుని భవితవ్యం తేలిపోయేది ఆ రోజులలోనే. 'ఈ నెల జెట్టీకి రా, వచ్చే నెల బడికి పోదువు' అంటాడు తండ్రి. ఆ వచ్చే నెల రాదు. ఆడబిడ్డ అయితే, తల్లి పనికి పోగా చంటిపిల్లను ఎత్తుకొని ఇంట్లోనే నిలిచిపోతుంది. ఆమె బడి మానిన సంగతి వీధికి కూడా తెలియదు.

'ప్రభుత్వ బడిలో ఫీజు లేదు, పుస్తకాలు ఉచితం, మధ్యాహ్న భోజనం ఉంది కదా' అనవచ్చు. నిజమే. కాని బీదవానికి అసలు ఫీజు, బిడ్డ సంపాదించి తేలేకపోయిన కూలి. 'తల్లికి వందనం' వంటి సహాయానికి సైతం బిడ్డ హాజరు పట్టీలో ఉండాలి. లేమి బిడ్డను బడికి దూరం చేస్తే, బడి దూరమైనందువల్ల సహాయమూ దూరమవుతుంది. ముస్లిం పిల్లలలో 6–14 ఏళ్ళవారు నూటికి 25 మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని 2006లో సచార్ కమిటీ తెలిపింది. ఆ లెక్క వెనుక ఇటువంటి జూన్ నెలలు ఎన్నో ఉన్నాయి.

సోదరులారా! మనం చేయదగినవి మూడు పనులు.

మొదటిది జకాత్. 2025లో రమజాన్ మార్చిలోనే ముగిసింది. ఏటా అది సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. అప్పుడు అందిన సొమ్ము జూన్ వరకు మిగలదు. విధి అయిన జకాత్‌ను జాప్యం చేయరాదు. కాని నిసాబ్ గలవారు గడువుకు ముందే చెల్లించవచ్చు. ప్రవక్త (సల్లం) తమ పినతండ్రి అబ్బాస్ (రజి) గారికి ఈ అనుమతి ఇచ్చారు. కనుక వచ్చే ఏటి జకాత్‌లో కొంత భాగాన్ని జూన్ మొదటి వారంలోనే ఇవ్వండి. హనఫీ ఫిఖహ్ ప్రకారం ఆ సొమ్ము అర్హుని సొంతం కావాలి గనుక తండ్రి చేతికో, తల్లి చేతికో గుట్టుగా అందించండి. ఫోటోలు వద్దు. జకాత్ కాని సదఖాను మతభేదం లేకుండా పొరుగింటి మత్స్యకారుని బిడ్డకు కూడా ఇవ్వండి. పొరుగువారి హక్కు మనపై ఉన్నది.

రెండవది, పని ఇచ్చేవారి బాధ్యత. పద్నాలుగేళ్ళు నిండని బిడ్డను కూలికి పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. కొడుకును పనికి పిలిచే బదులు తండ్రికి ఆ కూలిని ముందుగా ఇవ్వండి, లేదా వడ్డీలేని ఖర్జె హసనాగా ఇవ్వండి.

మూడవది, ఆరా. బడి తెరిచిన వారంలో మీ వీధిలోని ప్రతి ఇంటికి వెళ్ళి, 'బిడ్డ బడికి పోయాడా? అమ్మాయి పోయిందా?' అని అడగండి. ఆధార్, బ్యాంకు ఖాతా చిక్కులుంటే చదువుకున్న యువకులు వెంట వెళ్ళి సరిచేయించండి.

మస్జిదె నబవీ అరుగుపై ఉండే అహ్లె సుఫ్ఫా నిరుపేద విద్యార్థులు. సహాబాలు వారిని తమ ఇళ్ళకు తీసుకుపోయి అన్నం పెట్టేవారు. ఆకలికి కడుపుపై రాయి కట్టుకున్న అబూ హురైరా (రజి) వారిలో ఒకరు. అందరికంటే ఎక్కువ హదీసులు మనకు అందినది ఆయన ద్వారానే. ఆనాడు పెట్టిన ఆ పిడికెడు అన్నపు ఫలాన్ని మనం నేటికీ అనుభవిస్తున్నాం.

ఓ అల్లాహ్! మా బిడ్డల చేతులలో పుస్తకాలు నిలిచేలా చేయి. మా సంపదలో వారి హక్కును వేళకు చెల్లించే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్.