మూసిన గదిలో గాలి

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ అనగానే విజయవాడ రోడ్డు మీది బస్సుల పొగే గుర్తొస్తుంది. ఆ పొగకు జడిసి కిటికీలు మూసేస్తాం. కానీ గాలిని పాడుచేసే సేంద్రియ విషాలు గదిలోనూ పుడతాయి.

చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఒకే గదిలో ముగ్గురు నలుగురు ఉంటారు. ప్లైవుడ్ బీరువా, బట్టల మధ్య కలరా ఉండలు, రాత్రయితే మంచం కింద దోమల కాయిల్.

ఆ కాయిల్ సంగతి చూడండి. చైనా, మలేసియాల కాయిల్స్‌ను కాల్చి పరీక్షించిన వెయిలీ లియు బృందం 2003లో ఫలితాలు ప్రచురించింది. ఒక్క కాయిల్ నుంచి 75 నుంచి 137 సిగరెట్లకు సమానమైన సన్నని ధూళి, 51 సిగరెట్ల దాకా సరితూగే ఫార్మాల్డిహైడ్ అనే రసాయనం వెలువడ్డాయి! ఈ రసాయనం క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. ప్లైవుడ్‌ను అతికించే జిగురులోనూ సాధారణంగా ఇదే ఉంటుంది. ఎండా, ఉక్కా పెరిగే కొద్దీ ఎక్కువగా బయటికొస్తుంది.

ఇంటి లోపలి గాలిని కొలవడం మనకు కొత్తేమీ కాదు. 2004లోనే పరిశోధకురాలు కల్పనా బాలకృష్ణన్ బృందం నిజామాబాద్, వరంగల్, రంగారెడ్డి జిల్లాల్లో 420కి పైగా పల్లె ఇళ్ల గాలిని కొలిచి, గ్యాస్ ఇళ్లకంటే కట్టెల పొయ్యి ఇళ్లలో ధూళి ఎన్నో రెట్లు ఎక్కువని చూపింది. మన హాస్టల్ గదుల్లోనూ అలాంటి కొలతలు జరగాలి.

కాయిల్ బదులు దోమతెర కట్టండి. కొత్త బీరువాను కొన్నాళ్లు తలుపులు తెరిచి ఉంచండి. రోడ్డు రద్దీ తగ్గిన తెల్లవారుజామున కిటికీలు తీయండి. హాస్టల్ యజమానులారా, ఆ కిటికీలకు జాలీ మీరే వేయించాలి.