ధరణికోట ఎండకు ఓర్చు పూదోట

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ధాన్యకటకమని పూర్వులు పిలిచిన ధరణికోటకు కూతవేటు దూరమున అమరావతి మహాస్తూపము కలదు. దాని శిల్పఫలకములపై విరిసిన పద్మములకు లెక్క లేదు. ఆ ఫలకములు పలనాటి సున్నపురాయి. శిల్పికి పద్మమునిచ్చిన ఆ రాయియే తోటమాలికి చిక్కు తెచ్చిపెట్టును. సున్నము పాలెక్కువైన నేలలో సంపెంగ నాటినచో లేతాకు పసుపువారి, ఈనెలు మాత్రమే పచ్చగా మిగులును. నేలలో ఇనుము లేక కాదు. సున్నము దానిని వేరునకు అందనీయదు. పశువుల ఎరువు, ఆకుల ఎరువు సమృద్ధిగా వేసిన కొంత మేలు.

నేడు పూలమొక్కలు పెక్కులు కడియము నర్సరీల నుండి వచ్చుచున్నవి. గోదావరి ఒండ్రులో, తేమగాలిలో పెరిగిన మొక్క ఆ నేలకు తగినదే. దానిని తెచ్చి 44 డిగ్రీల వైశాఖపు ఎండలో, నెఱ్ఱెలు విచ్చిన నల్లరేగడిలో నిలిపిన నేమగును? కూలి డబ్బు కూడబెట్టి కొన్న మొక్క మొదటి వేసవికే మాడినచో ఆ ఇల్లాలు మరల మొక్క జోలికి పోదు. మొక్క పోయిన దానికన్న ఇది పెద్ద నష్టము.

కావున పూవు రంగు అడుగుటకు ముందు, ఈ మొక్క వేసవిని ఎట్లు గడుపునని అడుగవలెను. కొన్ని ఆకు రాల్చి గడుపును; పారిజాతము అట్టిది. కొన్ని దుంపగా భూమిలో నిద్రించును. ఇట్టివి ఏండ్ల తరబడి నిలుచును.

అశోకము సంగతి వేరు. బడుల ముందు బారులు తీర్చి అశోకములని పిలుచు నిటారు చెట్లు నరమామిళ్లు. సుందరి పాదతాడనమున పూచునని కవులు చెప్పిన అశోకము, కాళిదాసు మాళవికాగ్నిమిత్రములోనిది, కాషాయవర్ణపు గుత్తులు పూచు వేరొక వృక్షము. అది పడమటి కనుమల తేమ అడవులకు అలవాటుపడినది. పడమటి ఎండ తగులని గోడ చాటున, నూతి నీరు పారుచోట నాటినచో దక్కవచ్చును. అంత చోటు లేనివారు దాని ఆశ విడుచుట మేలు.

మాధవీలత అట్లు కాదు. వేళ్లూనిన పిదప కొద్దిపాటి నీటితో బ్రదుకును. శీతకాలము వెళ్లునాటికి తెల్లని పూలు, కమ్మని తావి. కాయకు మూడు రెక్కలుండి గాలిలో గిరగిర తిరుగును. ప్రబంధములలో అడుగడుగున కనబడు ఈ లత ఊరి పెరళ్లలో అరుదగుట విచారకరము. మారిషస్ దీవిలో మాత్రము ఇది అడవులను క్రమ్మి పెద్ద బెడదయైనది. కావున పందిరి దాటకుండ ఏటేట కత్తిరించుచుండవలెను.

భూమిలో నిద్రించు వానిలో చంద్రకాంత అందరెరిగినదే. అమెరికా ఖండము నుండి వచ్చి ఇంటిదైనది. అంతకన్న వింతయైనది అడవినాభి. నాగలివంటి వంకర దుంప కలదగుటచే సంస్కృతమున లాంగలి. పసుపుగా విచ్చి ఎఱ్ఱబారు పూవుచే అగ్నిశిఖ. ఆకు కొనయే నులితీగయై దడిని పట్టుకొని ప్రాకును. తొలకరికి మొలచి, వానలలో పూచి, చలికాలమున ఎండిపోవును. ఇంతకంటె ఈ సీమకు తగిన పూతీగ ఏది? అయితే దుంప మొదలు విత్తు వరకు అంతయు విషము. పసిపిల్లలున్న ఇంట నాటరాదు.

నల్లరేగడిలో దీనికి చావు ఎండవలన కాదు, నిలువ నీటివలన. మూరెడెత్తు మట్ట కట్టి, ఏటి ఇసుక, మాగిన ఎరువు కలిపి, మొలక కొన విరుగకుండ దుంపను అడ్డముగా పెట్టవలెను. కొన విరిగిన ఆ దుంప మరల మొలవదు.

నేలను సిద్ధపరచుటకు వరాహమిహిరుడు బృహత్సంహితలోని వృక్షాయుర్వేదాధ్యాయమున మొదటి పనిగా నువ్వులు చల్లి, పూతకు వచ్చినపుడు అక్కడనే నలగద్రొక్కుమన్నాడు. ఈనాటి రైతు జీలుగును, జనుమును దున్ని కలుపుట ఇదే. వృక్షముల నడుమ 20 మూరల ఎడము ఉత్తమమనియు, 12 కనీసమనియు ఆయనయే చెప్పెను. నాలుగు మూరల పెరటిలో నాలుగు చెట్లు నాటువారు ఈ లెక్కను ఒకసారి చూడవలెను.

అడవినాభి తీగ ఎండిన పిదప నీరు పోయుట మానవలెను. తడి తగిలిన దుంప కుళ్లును. చోటు మరచి గడ్డపార వేయకుండుటకు అచ్చట ఒక రాయి పాతి యుంచిన చాలును. తొలకరి చినుకు పడిన పిదప ఆ రాయి ప్రక్కనే మొలక కనబడును.