ఇంటికి వెళ్లే ఆక్సిజన్



గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్ గవిని ఉమాదేవి, 2022లో గుంటూరు ప్రభుత్వాసుపత్రి తల్లీబిడ్డల విభాగానికి 20 కోట్ల రూపాయల విరాళం ప్రకటించారు. అలాంటి దాతృత్వం నిలబెట్టే వార్డుల్లో బతికిన బిడ్డ చివరికి చేరేది పెదనందిపాడులోనో పర్చూరులోనో ఉన్న ఇంటికే. వైద్యం అక్కడ తెగిపోకూడదు.

నెలలు నిండకుండా పుట్టి, వెంటిలేటర్ మీద గట్టెక్కిన పసికందుల్లో కొందరి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో విలియం నార్త్‌వే బృందం ఈ జబ్బును మొదట వర్ణించింది. గర్భం లెక్కన 36 వారాలు వచ్చినా వీళ్లు ఆక్సిజన్ వదల్లేరు. అయితే పుట్టాక కూడా కొత్త గాలితిత్తులు ఏర్పడుతూనే ఉంటాయి కనుక చాలామంది తేరుకుంటారు. అందాకా ఆక్సిజన్‌ను ఇంట్లోనే ఇవ్వవచ్చు.

ఒక్కోసారి నిమిషానికి పావు లీటరు చాలు. పెద్దవాళ్ల ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ యంత్రం మీటరు అంత సన్నగా కొలవలేదు; పసివాళ్ల మీటరు బిగించాలి. కరెంటు పోతే యంత్రం ఆగుతుంది. పక్కన 1500 లీటర్లు పట్టే బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే, పావు లీటరు చొప్పున 100 గంటలు వస్తుంది. ఈ లెక్క తల్లికి నోటికి రావాలి.

అసలు చిక్కు ఇంట్లోనే ఉంది. బిడ్డకు నూనె రాసి, లాలపోసి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లి పొగ వేయడం అమ్మమ్మ ప్రేమ. ముక్కులో గొట్టం ఉన్న బిడ్డకు అదే గండం. పొగ ఊపిరితిత్తులకు చేటు. ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉంటే మంట క్షణాల్లో ఎగబాకుతుంది. ముఖానికి నూనె, వాజిలిన్ కూడా పనికిరావు. అమ్మమ్మను కసురుకోవద్దు. ఆమెను కూర్చోబెట్టి కారణం చెబితే, ఆ ఇంట్లో బిడ్డకు ఆమెకు మించిన కాపలా దొరకదు.

కల్లాల్లో మిరపకాయలు ఆరే రోజుల్లో తొడిమలు తీసొచ్చిన తల్లి చీర మడతల్లోనూ ఘాటు ఉంటుంది. స్నానం చేసి, చీర మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. పత్తికట్టె తగలబెట్టే వేళ తలుపులు వేసుకోవాలి.

డాక్టర్లుగా మీరు డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ ఇంట్లో పొయ్యి ఏదో, కరెంటు ఎన్ని గంటలుంటుందో అడగండి. బిడ్డ పాదానికి పల్స్ ఆక్సీమీటరు తగిలించి, అంకెను తల్లి చేతే చదివించండి. పెదాలు నీలంగా మారినా, డొక్కలు ఎగరేసినా 108కి ఫోన్ చేయాలని ఇంటిల్లిపాదికీ చెప్పి పంపండి.