ఒక్క మాటపై నిలిచిన తీర్పు
(విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)



పోటీలో న్యాయనిర్ణేత పని తేలిక. గీత ఒకటే, కొలత ఒకటే. ముందు చేరినవాడు విజేత. వివాదంలో ఆ సౌలభ్యం లేదు. ఒక పక్షానికి కాగితాలు, వకీళ్లు ఉంటారు. రెండో పక్షానికి తాతల నాటి పొలం తప్ప మరేమీ ఉండదు.

నాటి విశాఖ జిల్లాలోని అనంతగిరి మండలాన్నే తీసుకోండి. బొర్రా ప్రాంతపు భూములను ప్రభుత్వం గనుల తవ్వకానికి గిరిజనేతరులకు లీజుకిచ్చింది. 'సమత' సంస్థ హైకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. ఏజెన్సీలోని భూమిని ఏ 'వ్యక్తీ' గిరిజనేతరులకు బదిలీ చేయరాదని చట్టం. మరి ప్రభుత్వం 'వ్యక్తి' అవుతుందా? వివాదమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

1997 జూలై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అవుతుందన్నారు జస్టిస్ కె. రామస్వామి, జస్టిస్ సగీర్ అహ్మద్. కాదన్నారు జస్టిస్ పట్నాయక్. ఇద్దరి మాటే నెగ్గింది. ఆ లీజులు చెల్లలేదు. (సగీర్ అహ్మద్ పేరు మన ఇళ్లలో ఎందరికి తెలుసు?) మైనారిటీ న్యాయమూర్తి తనవారి వ్యాజ్యాలకే పనికివస్తాడనుకునేవారికి ఈ తీర్పు చూపండి.

మన సంగతికి వద్దాం. 4 శాతం రిజర్వేషన్ చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో ఊరటనిచ్చి, విషయాన్ని రాజ్యాంగ ధర్మాసనానికి నివేదించింది. అక్కడా ఒక్క మాటే ప్రశ్న: ఇది మతానికిచ్చినదా, వెనుకబాటుకిచ్చినదా? జాబితా తెరవండి. అత్తరు సాయిబులు, హజ్జాములు, తురక కాశలు. ఇవి వృత్తుల పేర్లు. మన వకీళ్లు వాదన ఇక్కడినుంచే ఆరంభించాలి.