పీఐడీ ట్యూనింగ్: పోల్స్ ఎక్కడ పెట్టాలి?

జుబైల్ నుంచి మాట్లాడుతున్నాను. ఇక్కడి ప్లాంట్లలో పనిచేసే మన ఇన్‌స్ట్రుమెంటేషన్ వాళ్ళు నన్ను తరచూ అడిగేది ఒకటే. "లూప్ ఊగుతోందండీ, ఆపరేటర్లు మాన్యువల్‌లో పెట్టేస్తున్నారు. ఏం చేయాలి?"

మాన్యువల్‌లో పెడితే ఆ షిఫ్టు గడుస్తుంది. కానీ లోడు మారినప్పుడు వాల్వు దానంతటది కదలదు. ఎవరైనా చూస్తూ కూర్చోవాలి.

ట్యూనింగ్ అనగానే గుర్తొచ్చేది 1942 నాటి జీగ్లర్-నికల్స్ పద్ధతి. అందులో లూప్ ఊగేదాకా గెయిన్ పెంచాలి. నడుస్తున్న ప్లాంటులో ఆ ధైర్యం ఎవరు చేస్తారు? పోల్ ప్లేస్‌మెంట్‌కి వాల్వును కాస్త కదిపి ట్రెండ్ చూస్తే చాలు.

పెన్ను తీసుకోండి. కూలింగ్ వాల్వు 1 శాతం తెరిస్తే టెంపరేచర్ 2 శాతం మారింది, అంటే గెయిన్ 2. ఆ మార్పులో 63 శాతం 10 సెకన్లలో వచ్చింది, అంటే ప్రాసెస్ పోల్ మైనస్ 0.1 దగ్గర ఉంది. మనకి రెట్టింపు వేగం కావాలి, ఊగకూడదు. సరే, రెండు పోల్స్‌నీ మైనస్ 0.2 దగ్గర పెడదాం.

పీఐ కంట్రోలర్‌తో లూప్ సమీకరణం ఇలా వస్తుంది: 10 ఎస్ స్క్వేర్, ప్లస్ ఎస్ ఇంటూ (1 ప్లస్ 2 కేపీ), ప్లస్ 2 కేపీ బై టీఐ. మనం కోరేది 10 ఎస్ స్క్వేర్ ప్లస్ 4 ఎస్ ప్లస్ 0.4. రెండూ పోల్చితే కేపీ 1.5, టీఐ 7.5 సెకన్లు. అంతే, ఇంటర్ లెక్కలే. ప్రాసెస్ సెకండ్ ఆర్డర్ అయితే మూడు పోల్స్ పెట్టాలి, అప్పుడు డీ కూడా కావాలి.

మూడు జాగ్రత్తలు.

ఒకటి, అత్యాశ వద్దు. పోల్స్ మైనస్ 1 దగ్గర అడిగితే కేపీ 9.5 అవుతుంది. 5 శాతం ఎర్రర్‌కే వాల్వు 47.5 శాతం దూకుతుంది. డెడ్ టైమ్ ఉంటే లూప్ మళ్ళీ ఊగుతుంది.

రెండు, పీఐ ఒక జీరోని కూడా తెస్తుంది. అందుకే పోల్స్ సరిగ్గా ఉన్నా సెట్‌పాయింట్ మార్చగానే కొంచెం ఓవర్‌షూట్ కనిపిస్తుంది. దానికి గెయిన్ తగ్గించకండి, సెట్‌పాయింట్‌కి ఫిల్టర్ పెట్టండి.

మూడు, ఇది గల్ఫ్. సముద్రపు నీటితో చల్లబరిచే చోట ఎండాకాలం ఆ నీరే వేడెక్కుతుంది. వాల్వు అంతే తెరిచినా చల్లదనం తగ్గుతుంది. గెయిన్ 2 నుంచి 1కి పడితే, మన పోల్స్ రియల్ భాగం మైనస్ 0.125 దాకా జరిగిపోతుంది, లూప్ మందగిస్తుంది. జనవరిలో కొలిచింది ఆగస్టుకి పనికిరాకపోవచ్చు. సీజన్ మారాక ఇంకోసారి కొలవండి.

మీ లూప్ గెయిన్, టైమ్ కాన్‌స్టాంట్ రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలిసి లెక్క కడదాం. ఉంటానండీ.