పాటకు రెండవ ప్రతి



అందరి నోటా నలిగిన పాటను వాద్యంపై పలికించడం ఒక పని. అదే పాటను పది వేళ్లకూ పని కల్పించే ప్రౌఢరచనగా వాయించడం వేరొక పని. ఈ రెండింటి నడుమ గల దూరాన్ని చూపడానికి అమెరికా స్వరకర్త జార్జ్ గెర్ష్విన్ 1932లో వెలువరించిన పాటల గ్రంథం చక్కని తార్కాణం. తన పాటలు 18 ఎన్నుకొని, ఒక్కొక్క దానిని ఆయన రెండు విధాల అచ్చువేయించాడు. మొదటిది అంగళ్లలో అమ్మే సులభ ప్రతి. రెండవది మిత్రుల విందులలో తాను స్వయంగా వాయిస్తూ, వాయిస్తూ పెంచుకొన్న రీతి.

గెర్ష్విన్ 1898లో న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో, రష్యా నుండి వలస వచ్చిన యూదు దంపతులకు జన్మించాడు. ఇంటికి పియానో తెచ్చింది అన్న ఐరా కోసం. దానిని వశపరచుకొన్నది తమ్ముడు. పదిహేనవ ఏట బడి మాని, వారానికి 15 డాలర్ల జీతానికి ఒక సంగీత ప్రచురణ సంస్థలో చేరాడు. వచ్చిన వారికెల్లా కొత్త పాటలను వాయించి వినిపించడమే ఆ ఉద్యోగం. ఒకే పాటను పొద్దస్తమానం వాయించేవాని వేళ్లు ఊరకుంటాయా!

పాటలను సులభం చేసి అచ్చువేయడానికి గల కారణాన్ని ఆయన ముందుమాటలో దాపరికం లేకుండా చెప్పాడు. కొనేవారిలో అధికులు చిన్నచేతుల బాలికలనీ, వారి అభ్యాసం ఇంకా తొలిమెట్లలోనే ఉంటుందనీ ఆయన మాటల సారాంశం. వ్యాపారదృష్టికి ఇది సబబే. కాని చిన్నచేతులు ఎల్లకాలం చిన్నవిగా ఉండవు. రెండవ ప్రతి ఉన్నదన్న సంగతే తెలియని బాలిక, పాట అంటే ఇంతేనని పుస్తకం మూసివేస్తుంది. రెండింటినీ ఒకే అట్టల మధ్య చేర్చడంలోని మేలు ఇదే.

ఆ గ్రంథంలోని 'ది మ్యాన్ ఐ లవ్' పాటను చూడవచ్చు. 1924లో ఒక సంగీతనాటకానికి కట్టిన ఈ పాటను, నాటకం న్యూయార్క్ రంగస్థలమెక్కక ముందే తొలగించారు. తరువాత అది నాటకంతో నిమిత్తం లేకుండానే లోకప్రసిద్ధమయింది. ఒకే చిన్న స్వరగుచ్ఛం మరల మరల వస్తుంది. అసలు కదలిక అంతా దాని అడుగున ఉన్నది. లోపలి స్వరమొకటి అర్ధస్వరం చొప్పున మెట్లు దిగుతూ పోతుంది. నేర్చుకొనేవారికి చిక్కంతా ఇక్కడే. పై స్వరం కుడిచేతి చివరి రెండు వేళ్లకు, అనగా బలహీనమైన వేళ్లకు వస్తుంది. అది గట్టిగా పలకాలి. బలమైన బొటనవేలు మాత్రం మెత్తగా ఒదిగి ఉండాలి. స్వభావానికి విరుద్ధమైన ఈ క్రమశిక్షణ ఒక వారంలో పట్టుబడేది కాదు.

మన పిల్లలకు ఇంకొక ఇబ్బంది ఉన్నది. చేతి హార్మోనియంపై ఒక చేయి తిత్తిని ఆడిస్తే, రెండవ చేయి మాత్రమే మెట్లపై ఉంటుంది. పద్యనాటకాలలోని లెగ్ హార్మోనియం రెండు చేతులనూ విడిచిపెట్టింది గాని, అక్కడా ప్రధానం ఒకే రాగధార. పియానో వద్ద ఎడమచేయి స్వతంత్రంగా బ్రతకాలి. కనుక దానికి ముందు విడిగా పాఠం చెప్పాలి. వేళ్ల వరుసను పెన్సిలుతో గుర్తించుకొని, సరళీస్వరాల వలె మొదట విలంబకాలంలో, పిదప ద్విగుణంలో సాధన చేయాలి. చేతికి అందని స్వరసముదాయాన్ని ఒకేసారి నొక్కలేకపోతే, కింది నుండి పైకి విరిచి వాయించవచ్చు; అందులో చిన్నతనం లేదు.

స్వరాన్ని సాగదీసే పెడల్ విషయంలో గెర్ష్విన్ హెచ్చరిక గమనింపదగినది. అమెరికా జనప్రియ సంగీతంలో లయ పెళుసుగా, తునకలు తునకలుగా పలకాలనీ, పెడల్‌ను అతిగా తొక్కితే ఆ లయ చెడుతుందనీ ఆయన అభిప్రాయం. షోపాన్ రచనలతో చేయి తిప్పుకొన్న వారికి ఇది మింగుడుపడదు. తప్పులను కప్పిపుచ్చడానికి పెడల్‌ను మించిన దుప్పటి లేదు మరి!

మన పాటలకు ఇటువంటి రచన చేసేవారు పియానోపై గమకం పలకదన్న నిజాన్ని ముందే అంగీకరించాలి. మెట్టు స్థిరం; రెండు మెట్ల నడుమ నాదం లేదు. గమకాన్ని అనుకరింపబోతే పాట వికృతమవుతుంది. అయితే త్యాగరాజ కీర్తనలో పల్లవి ఒక్కొక్క సంగతితో విరిసే పద్ధతిని ఈ వాద్యం బాగా ఆదరిస్తుంది. అక్కడినుండి మొదలుపెట్టడం మేలు.

నెలలు గడచి రెండు చేతులూ కలిసిన నాడు, అభ్యాసకుడు మొదటి పుటలోని సులభ ప్రతిని మరల తెరచి వాయించి చూడాలి. పూర్వం గమనింపని ఆ దిగుడు స్వరం, సాదా స్వరాల అడుగున అప్పుడు చెవిని పడుతుంది.